చెట్లకు పట్టిన పాచిపై రాగి మందు కొట్టొచ్చా?

సందేహం: మబ్బులు కమ్మే కొండ మీద మా కాఫీ తోట. నీడ చెట్ల మానులకు దట్టంగా పాచి పట్టింది, కాఫీ ముదురాకులు పసుపెక్కుతున్నాయి. పాచే బలం పీల్చేస్తోందని డీలర్ కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మానులకు కొట్టమన్నాడు. కొట్టమంటారా?

సలహా: కొట్టకండి. మీ తోట పసుపెక్కడానికీ పాచికీ సంబంధం లేదు. పాచికి చెట్టులోకి దిగే వేళ్లే ఉండవు, వాన, మంచు, గాలిలో వచ్చే దుమ్ముతోనే బతుకుతుంది. పైగా దాని ఆకుల సందుల్లో నాస్టాక్ లాంటి నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కలకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఒక చిన్న ముద్ద తడిపి మైక్రోస్కోపు కింద పెడితే పూసల దండలా కణాలు, మధ్యమధ్యలో కాస్త పెద్ద పూసలు కనిపిస్తాయి. నత్రజని పట్టే పని ఆ పెద్ద పూసలదే. పాచి ఎండితే ఆ పని ఆగుతుంది, తడిస్తే మళ్లీ మొదలవుతుంది, అందుకే మబ్బు అడవి దీనికి అంత అనువైన చోటు. రాగి ఈ నాచుకు విషం. పాచిని తీసేద్దామని కొట్టిన మందు, పైసా ఖర్చు లేకుండా ఎరువు తయారుచేసే దాన్ని చంపుతుంది.

అలాగని దాన్ని నమ్ముకుని ఎరువు మానేయకండి. ఉత్తర ఐరోపా చలి అడవుల్లో నేల మీది పాచితో ఏటా హెక్టారుకు 1.5 నుంచి 2 కిలోల నత్రజని వస్తుందని 2002లో లెక్కగట్టారు. ఎవరూ ఎరువు వేయని అడవికి అది పెద్ద ఆస్తే గానీ కాపు కాసే కాఫీకి ఏ మూలకూ చాలదు.

పసుపు ముదురాకుల్లో మొదలైందంటే నత్రజని లోపమే అని నా అనుమానం, వానకు కొట్టుకుపోయి ఉంటుంది, లేదా నేల మరీ పులిసి వేళ్లు తీసుకోలేకపోతుండొచ్చు. ముందు మట్టి పరీక్ష చేయించండి, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా రైతులు డీలర్ దగ్గరికే ముందు వెళ్తున్నారు! ఎరువు వేయకముందే 15 చోట్ల 22 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, అర కిలో పంపండి. ఉదజని సూచిక (పీహెచ్, నేల పులుపును చెప్పే కొలత, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) తక్కువని తేలితే రిపోర్టులో చెప్పినంత సున్నం వేసి, కనీసం నాలుగు వారాలు ఆగి, నత్రజనిని ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా ఇవ్వండి. ఈలోపు లీటరుకు 5 గ్రాముల యూరియా కలిపి కాఫీ ఆకులపైనే పిచికారీ చేయండి, మానుల మీద పడనివ్వొద్దు, ఎందుకంటే తయారు నత్రజని దొరికితే ఆ నాచు తన పని తగ్గించేస్తుంది.

ఆకు అడుగున నారింజ రంగు పొడి ఉంటే అది తుప్పు తెగులు. అప్పుడు మాత్రం వానలకు ముందు 0.5 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) ఆకుల అడుగుభాగం తడిసేలా కొట్టండి. కాపు కాసే కొమ్మలను పాచి కప్పేస్తే గోనె గుడ్డతో రుద్దేస్తే చాలు, మానుల మీదిది ముట్టుకోకండి.