మల్లె కాదండీ, అక్కడ మనోరంజితం వేయండి

మామిడి నీడన, బావి గట్టు పక్క తడి నేలలో మల్లె మూడేళ్లుగా ఆకులేస్తోందే తప్ప మొగ్గ తొడగడం లేదన్నారు. తొడగదండీ. మల్లెకు రోజుకు 5, 6 గంటల ఎండ పడాల్సిందే.

ఆ చోటికి మనోరంజితం బాగుంటుంది, కొందరు సకలఫల సంపెంగ అంటారే, అది. మన దక్షిణాది మొక్కే. వదిలేస్తే పాకుతుంది, కత్తిరిస్తుంటే పొదలా నిలుస్తుంది. తడి ఇష్టమే కానీ మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుకని మట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి జానెడు ఎత్తు దిబ్బ పోసి నాటండి. గింజ మొలవడం ఆలస్యం, అంటు మొక్కే కొనండి.

ఇంకోటి, పువ్వు మొదట ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోతుంది. పూయలేదని పీకేసేరు! పసుపెక్కాక చూడండి, ముగ్గిన పళ్ల వాసన గుప్పుమంటుంది.