సైటేషన్లు ఎక్కువున్న గైడ్ దగ్గరే పీహెచ్‌డీకి చేరాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తిరుపతిలో మెడికల్ బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు ఒప్పుకున్నారు. ఒకరికి గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన పేపర్లు వెతికే సైట్) 4,200 సైటేషన్లు (ఆయన పేపర్లను వేరే పేపర్లలో ఉటంకించినవి), హెచ్-ఇండెక్స్ 11. ఇంకొకరికి 310, హెచ్-ఇండెక్స్ 9. ఎవరి దగ్గర చేరాలి?

ముందు ఆ 4,200 పక్కన 11 మాత్రమే ఎందుకుందో చూడండి. కనీసం పదకొండేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు పదకొండు ఉన్నాయని దానర్థం. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో పెట్టిన లెక్క ఇది. ఇందులో మూడు వేల సైటేషన్లు వచ్చిన పేపరైనా ఒక్కటే, పన్నెండు వచ్చిందైనా ఒక్కటే. అంటే ఆ 4,200లో సింహభాగం కొద్ది పేపర్లదే, బహుశా ఒకటి రెండింటిదే అయ్యుండొచ్చు. వాటిని తెరవండి. వందలమంది రచయితలున్న అంతర్జాతీయ సర్వే అయితే ఆయన పేరు ఎక్కడో నూట నలభయ్యో పేరై ఉండొచ్చు. డేటా ఇచ్చి ఉంటారు, అందులో తప్పేం లేదు. కానీ దానివల్ల మీ థీసిస్‌కి ఒరిగేదీ ఏమీ లేదు.

మా గైడ్ సంగతి ఇంకో రకం. 2014లో నేను ఇదే ఊళ్లో చేరినప్పుడు అంకె చూసే పడిపోయాను. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) రాసేటప్పుడు సార్ పేపర్లు చదువుదామని ప్రొఫైల్ తెరిచాను. మొదటి రెండూ కిడ్నీ రోగుల మీద. మూడోది వేరుశనగలో తిక్కా ఆకుమచ్చ తెగులు! కిందికి పోతే అలాంటివి ఇంకో పదకొండు. ఎవరో వ్యవసాయ శాస్త్రవేత్తది అదే ఇంటిపేరు, అవే పొడి అక్షరాలు. తిరుపతిలో వెంకటేశ్వర్లుకీ శ్రీనివాసులుకీ కొదవా? కొత్త పేపర్లు వాటంతటవే చేరేలా సెట్టింగ్ పెట్టుకుని మళ్లీ చూడకపోతే ఇలాగే అవుతుంది. సార్‌కి చెబితే "పోనీలే అబ్బా, స్వామి ఇచ్చినాడు" అని నవ్వేశారు. తీసెయ్యలేదు.

అందుకే నేనిప్పుడు ఎవరి పేరైనా పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల సైట్‌లో విడిగా వెతుకుతాను. ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే పదహారంకెల ఆర్కిడ్ నంబరుంటే పని సులువు. స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్ దొరికితే సొంత సైటేషన్లు (తన పేపర్లను తనే ఉటంకించుకున్నవి) తీసేసి చూడొచ్చు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనీ సెమినార్ కాగితాలనీ కూడా లెక్కేస్తుంది కాబట్టి అందులో అంకె ఎప్పుడూ కాస్త లావుగానే ఉంటుంది. ఇంకో మాట, హెచ్-ఇండెక్స్ పెరగడమే గానీ తగ్గడం ఉండదు. ఆయన ల్యాబ్ పదేళ్ల కిందటే చల్లబడినా పాత పేపర్ల మీద అది పెరుగుతూనే ఉంటుంది. సంవత్సరాలు చూసుకోండి.

సైటేషన్లు ఉత్త దండగని కాదు నా ఉద్దేశం. 1951లో లౌరీ బృందం ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌కి మూడు లక్షలకు పైనే వచ్చాయి, అందరూ వాడారు కాబట్టి. మరి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు? 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. ఎంబీబీఎస్ పిల్లలకు ఆ ప్రాక్టికల్ నేనే చేయించాను. మాలిబ్డేట్ పోసి, ఆన్సా అనే రసాయనం కలిపి కాసేపాగితే టెస్ట్ ట్యూబ్‌లో నీలం రంగు దిగుతుంది. రికార్డులో 'ఫిస్కే-సుబ్బారో పద్ధతి' అని రాస్తారు, అంతే. అన్ని వేల రికార్డుల్లో ఒక్కటీ సైటేషన్ కాదు.

మీ రెండో గైడ్ గురించి చెప్పాలంటే, 310కి 9 అంటే సైటేషన్లు ఒక్కచోట కుప్పపడకుండా కనీసం తొమ్మిది పేపర్లకైనా పంచుకున్నట్టే. వాటిలో చివరి పేరు ఆయనదై, మొదటి పేరు ఒక్కోసారి ఒక్కో విద్యార్థిదై ఉంటే నేనైతే కళ్లు మూసుకుని అక్కడే చేరతాను. మన రంగంలో పని చేసినవాళ్లు ముందు, చేయించినవాళ్లు చివర ఉండటం రివాజు.

చేరేముందు ఇద్దరి దగ్గరున్న పీహెచ్‌డీ విద్యార్థుల్నీ విడివిడిగా టీకి పిలవండి. రాసిచ్చిన డ్రాఫ్ట్ సార్ టేబుల్ మీద ఎన్నాళ్లుంటుందో అడగండి. నాది ఎనిమిది నెలలుంది.