పర్లాకిమిడిలో కూర్చుని విశాఖ కంప్యూటర్ తెరవబోయే మేనకోడలికి

రాయగడ,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి సుజాతకు మావయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట ఒకటి మనసులో ఉండిపోయింది. "ఏముంది మావయ్యా, ఇంటికొచ్చాక ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేసి కనెక్ట్ అయిపోతాను" అన్నావు. మీ అమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు దగ్గరుండి చూసుకోవాలనుకోవడం మంచిదే. మీ మేనేజర్ ఒప్పుకోవడం ఇంకా మంచిది. కానీ ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ నడపడంలో ముప్పాతిక పని ఆఫీసులో నీ కుర్చీలో ఉన్నప్పుడే అయిపోవాలి. పాతపట్నం దాటి బస్సు దిగాక నీ చేతిలో మిగిలేది పాతిక వంతే. అందుకే ఫోన్లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను. పక్కన పెట్టుకుని చూసుకుంటావని.

నేను ఈ పాఠం ఎలా నేర్చుకున్నానో చెబితే నవ్వుతావు. రిటైరవడానికి ముందు మా ఆఫీసు లెక్కలు కొన్నాళ్లు ఇంటి నుంచే చూసేవాణ్ణి. ఆఫీసు కంప్యూటర్ బొమ్మ తెర నిండా వచ్చేస్తుంది కదా, చూస్తున్నది ఏ కంప్యూటర్నో మర్చిపోతాం. ఒక శనివారం సాయంత్రం పని ముగించి, అలవాటు కొద్దీ ఆల్ట్ ఎఫ్4 నొక్కి షట్‌డౌన్ కొట్టాను. ఆగిపోయింది ఇంట్లోది కాదు, ఆఫీసుది. సోమవారం పొద్దున్నే రిటర్ను వెయ్యాలి. వాచ్‌మన్‌కి ఫోన్ చేసి "టేబుల్ కింద పెద్ద డబ్బా ఉంటుంది, దాని బటన్ నొక్కు బాబూ" అంటే, పాపం ఆయన నాలుగుసార్లు మానిటర్ బటన్ నొక్కాడు. చివరికి వానలో స్కూటర్ మీద నేనే వెళ్లాను. నాకైతే రెండు కిలోమీటర్లు. నీకు అలా అయితే విశాఖ దాకా వెళ్లాలి.

కాబట్టి మొదటి పని: నీ సీపీయూ ఉన్న గదిలో ఒక మనిషిని చూసుకో. ఐటీ వాళ్లు కానక్కర్లేదు, పక్క సీటు అమ్మాయైనా చాలు. ఏది సీపీయూ, ఏది మానిటర్, ఏ బటన్ నొక్కాలో వెళ్లే ముందు ఒకసారి చూపించు. అలాగే ఆ కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ఫొటో తీసేసి ముదురు ఎరుపు రంగు పెట్టు. నేను ఆ రోజు నుంచి అదే చేశాను. ఎరుపు కనిపిస్తే అది ఆఫీసు అని చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుంది.

ఇక అనుమతి సంగతి. ఇంటికొచ్చి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఏనీడెస్కో, టీమ్‌వ్యూయరో నీ అంతట నువ్వు పెట్టుకోకు. అవి చెడ్డవని కాదు. టీమ్‌వ్యూయర్ ఉచితంగా ఇచ్చేది సొంత వాడకానికే, ఆఫీసు పనికి కాదు. పైగా ఐటీ వాళ్లకు తెలియకుండా ఆఫీసు కంప్యూటర్లోకి దారి తెరిస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు నీ పేరే ముందుకొస్తుంది. మేనేజర్ నోటిమాట మీద ఉండకుండా ఐటీ వాళ్లకు ఒక మెయిల్ పెట్టి, వాళ్లు ఏ పద్ధతి వాడమంటే అది వాడు. మామూలుగా ముందు వీపీఎన్, ఆ తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. వీపీఎన్ అంటే మీ ఇంటి నుంచి ఆఫీసు లోపలి నెట్‌వర్క్ దాకా ఎవరికీ కనబడకుండా వేసిన గొట్టం అనుకో. ఆ గొట్టంలోంచి వెళ్లి నీ కంప్యూటర్ తలుపు తట్టేది రిమోట్ డెస్క్‌టాప్.

"వీపీఎన్ ఇవ్వడానికి వారం పడుతుంది, రౌటర్లో పోర్టు తెరిచేస్తాలెండి" అనే కుర్రాడు ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు. వాడి మాట వినకు. పోర్టు అంటే నెట్‌వర్క్‌లో నంబరు వేసిన తలుపు అనుకో. రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వాడే పోర్టు 3389. ఆ నంబరు ఊరందరికీ తెలుసు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో అలాగే తెరిచిపెట్టారు. మర్నాడు నేను విండోస్ చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే 4625 అనే నంబరుతో ఎంట్రీలు పేజీలకు పేజీలు. లాగిన్ విఫలమైతే విండోస్ రాసుకునే నంబరు అది. అడ్మిన్, టెస్ట్, యూజర్ అని తోచిన పేరల్లా పెట్టి ఎవరెవరో రాత్రంతా తలుపు లాగుతూనే ఉన్నారు. అది చాలదన్నట్టు 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్‌లో పాస్‌వర్డ్ తెలియకుండానే ఇదే దారిన లోపలికి రాగలిగే లోపం. ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచ్ (లోపం సరిదిద్దే అప్‌డేట్) ఇచ్చిందంటే ఎంత భయపడ్డారో చూడు. వీపీఎన్‌కి వారం పడితే పట్టనీ. ఆ వారం సెలవు పెట్టుకో.

ఇప్పుడు నీ ఆఫీసు కంప్యూటర్. విండోస్ ఏ ఎడిషనో ముందు చూసుకో. హోమ్ ఎడిషన్ అయితే బయటివాళ్లను రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి రానివ్వదు. ప్రో గానీ ఎంటర్‌ప్రైజ్ గానీ ఉండాలి. ఇంట్లో మాత్రం హోమ్ ఉన్నా ఫరవాలేదు, అక్కడి నుంచి వెళ్లడమే కదా. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయించు. నువ్వు ఆ కంప్యూటర్‌కి అడ్మిన్‌వి కాకపోతే, అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో నీ పేరు చేర్చమని అడుగు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కంప్యూటర్ పేరు ఒక కాగితం మీద రాసుకో. నెట్‌వర్క్‌లో దాని చిరునామా అయిన ఐపీ నంబరు ఒక్కటే రాసుకుంటే రేపు అది మారిపోవచ్చు. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్తున్నావా? అయితే నీ అసలు పాస్‌వర్డ్ నీకే గుర్తుండదు. ఆ పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటేనే పనిచేస్తుంది, దూరం నుంచి పనికిరాదు. ఈ వారమంతా పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవుతూ ఉండు, చేతికి అలవాటవుతుంది.

పవర్ సెట్టింగుల్లో కంప్యూటర్ నిద్రపోకుండా నెవర్ అని పెట్టు. మానిటర్ ఆరిపోతే ఆరిపోనీ, దానివల్ల నష్టం లేదు. విశాఖలో కరెంటు పోయి వస్తే కంప్యూటర్ దానంతటది మళ్లీ ఆన్ అవ్వాలి. ఇది విండోస్‌లో కాదు, విండోస్ కన్నా ముందు నడిచే బయోస్‌లో ఉంటుంది, ఐటీ వాళ్లను అడిగితే ఒక్క నిమిషం పని. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే తాళం ఉండి, ఆన్ చెయ్యగానే పిన్ అడిగేలా పెట్టి ఉంటే మాత్రం ఎవరో ఒకరు వచ్చి ఆ పిన్ కొట్టేదాకా అది అక్కడే ఆగిపోతుంది. అదీ ముందే కనుక్కో.

ఇవన్నీ అయ్యాక ఒక పరీక్ష ఉంది. దీన్ని మాత్రం ఎగ్గొట్టకు. బయల్దేరే ముందు ఒకరోజు ఆఫీసులోనే, ఇంటికి తెచ్చుకోబోయే లాప్‌టాప్‌ని ఆఫీసు వైఫై నుంచి తీసేసి నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుపు. అప్పుడు నువ్వు పక్క గదిలో ఉన్నా బయటి మనిషివే. వీపీఎన్ ఆన్ చేసి, స్టార్ట్‌లో ఎమ్‌ఎస్‌టీఎస్‌సీ (mstsc) అనే ఐదక్షరాలు ఇంగ్లిషులో కొట్టి రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి, కంప్యూటర్ పేరు ఇచ్చి కనెక్ట్ అయి చూడు. ఏ లోపమున్నా అక్కడే బయటపడుతుంది, ఐటీ వాళ్లు నాలుగడుగుల దూరంలో ఉంటారు. ఒక గంట అలాగే పనిచేసి చూడు. సర్టిఫికెట్ (అవతలిది నీ కంప్యూటరే అనే రుజువు) సరిచూడలేకపోతున్నాం అని హెచ్చరిక వస్తే కళ్లు మూసుకుని ఎస్ కొట్టకుండా ఐటీ అబ్బాయికి చూపించు.

లాప్‌టాప్ అన్నాను గానీ, నువ్వు తమ్ముడి డెస్క్‌టాప్ వాడదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నన్నడిగితే వద్దంటాను. వాడు అందులో ఆడే ఆటలు, దింపే సినిమాలు నాకు తెలుసు. అందులో ఏ దొంగ ప్రోగ్రాం ఉన్నా నువ్వు కొట్టే ప్రతి అక్షరం దానికి వినబడుతుంది, వీపీఎన్ అడ్డుకోదు. అదింకా విండోస్ 10 మీదే ఉంటే, 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు కూడా ఆగిపోయింది. ఆఫీసు లాప్‌టాప్ అడుగు. ఇవ్వనంటేనే తమ్ముడిది తీసుకో, అదీ నీకంటూ వేరే యూజర్ అకౌంట్ పెట్టుకుని. పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటావా అని అడిగితే వద్దను. కనెక్ట్ అయ్యే ముందు రిమోట్ డెస్క్‌టాప్ కిటికీలోని లోకల్ రిసోర్సెస్‌లో డ్రైవ్‌ల దగ్గర టిక్ తీసెయ్యి. అక్కడి ఫైళ్లు అక్కడే ఉండాలి.

ఇంకో సంగతి మన ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ చెప్పరు. తమ్ముడు ఫారాలు నింపడానికి ఒడియా కీబోర్డు పెట్టుకున్నాడు కదా. తెలుగు, ఒడియా, సవర మూడూ వినబడే ఊరు మనది, కీబోర్డుల్లోనూ అంతే. పాస్‌వర్డ్ తప్పు అని వస్తే కంగారుపడి పదిసార్లు కొట్టకు, అకౌంట్ లాక్ అవుతుంది. ముందు కిందమూల భాష ఏముందో చూడు. ఇంగ్లిషు పెట్టుకున్నాకే కనెక్ట్ అవ్వు. కనెక్ట్ అయ్యేటప్పుడున్న కీబోర్డే అవతలికి కూడా వెళ్తుంది.

నెట్ గురించి నువ్వు "హండ్రెడ్ ఎంబీపీఎస్ వేయించాం" అన్నావు. దీనికి అంత అక్కర్లేదమ్మా. ఇక్కడికి వచ్చేది అక్కడి తెర బొమ్మ, ఇక్కడి నుంచి వెళ్లేది నీ మౌసు, కీబోర్డు. కావలసింది వేగం కన్నా ఆలస్యం లేకపోవడం. అక్షరం కొట్టిన చాలాసేపటికి తెర మీద పడుతుంటే ఎన్ని ఎంబీపీఎస్ ఉన్నా చిరాకే. వైఫై వదిలేసి లాన్ కేబుల్ వేసుకో. నా లెక్కలో ఆ ఒక్క పనితోనే సగం బాధ పోయింది. మీటింగులు మాత్రం ఆఫీసు కంప్యూటర్లో కాకుండా నీ ముందున్న దాంట్లోనే తెరుచుకో. లేకపోతే వీడియో అక్కడికి వెళ్లి మళ్లీ ఇక్కడికి వచ్చేసరికి మాట ఒకచోట, పెదవులు ఒకచోట.

కరెంటు పోతే ఏమిటన్నది నీ అసలు టెన్షన్ అని నాకు తెలుసు. నిజానికి ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం అక్కడే ఉంది. ఇక్కడ కరెంటు పోయినా నీ ఎక్సెల్ విశాఖలో తెరిచినట్టే ఉంటుంది. అరగంట తర్వాత మళ్లీ కనెక్ట్ అయితే కర్సర్ కూడా వదిలిన గడిలోనే కనబడుతుంది. పోయేది లైను మాత్రమే, పని కాదు. ఈ తేడా బాగా పట్టుకో. కిటికీ పైనున్న ఇంటూ నొక్కితే లైను తెగుతుంది, లోపల పని నడుస్తూనే ఉంటుంది. సైన్ అవుట్ కొడితే తెరిచినవన్నీ మూసుకుపోతాయి. రోజూ డిస్‌కనెక్ట్ చాలు. శుక్రవారం మాత్రం అన్నీ సేవ్ చేసి సైన్ అవుట్ అవ్వు. రాత్రి అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ అయితే సేవ్ చెయ్యనిది పోతుంది, అందుకని సేవ్ ఏ రోజూ మానకు. అక్కడి కంప్యూటర్‌కి కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కావాలంటే డిలీట్ బదులు ఎండ్ నొక్కాలి.

రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి కొను. ఇన్వర్టర్ ఉందిగా అంటావేమో, అది అందుకునే ఆ క్షణంలోనే కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ మొదలవుతాయి. ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ కూడా పెట్టుకో. అక్టోబరులో ఉంటావు కాబట్టి చెబుతున్నా, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఎలా అయిందో నీకు గుర్తుండే ఉంటుంది. అలాంటిది వస్తే ఏ యూపీఎస్సూ ఆదుకోదు. హెచ్చరిక వచ్చిన రోజే మేనేజర్‌కి చెప్పి, అత్యవసరమైన పని ఎవరికైనా అప్పజెప్పు.

మీ నాన్నకి కూడా ఒక మాట చెప్పాలి. ఇంట్లో నువ్వు ఇలా దూరం నుంచి కంప్యూటర్ నడపడం రోజూ చూస్తుంటే ఆయనకి ఇది మామూలైపోతుంది. రేపు ఎవడో బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, ఫలానా యాప్ వేసుకుని వచ్చిన నంబరు చెప్పండి అంటే చెప్పేస్తాడు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఏనీడెస్క్ పేరు చెప్పి మరీ ఈ మోసం గురించి హెచ్చరించింది. ఏ బ్యాంకూ మన ఫోన్లోకి రావాలని అడగదని చెప్పు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించు.

లాన్ కేబుల్ విశాఖలోనే కొనుక్కో. ముందు గదిలో రౌటర్ నుంచి నువ్వు కూర్చునే గది దాకా ఎన్ని మీటర్లు కావాలో తమ్ముడిచేత కొలిపించు, గుమ్మం చుట్టూ తిప్పాలి కాబట్టి రెండు మీటర్లు ఎక్కువే తీసుకో. హాట్‌స్పాట్ పరీక్ష అయిన రోజు నాకు ఫోన్ చెయ్యి. మీ అత్తయ్య మీ అమ్మ కోసం నువ్వులుండలు చేస్తోంది, వచ్చే ఆదివారం గుణుపూర్ మీదుగా వచ్చి ఇచ్చి వెళ్తాం.

ఇట్లు,
మీ మావయ్య