మలుపులో కుక్క వెనకబడుతుంటే ముందు మీ ఎడమ భుజం చూసుకోండి

మీ లాబ్రడార్ మేడ మీద చక్కగా పక్కనే నడుస్తుందని, పోటీ రింగ్‌లో మాత్రం కుడి మలుపు దగ్గరా, వెనక్కి తిరిగే చోటా రెండు మూడు అడుగులు వెనకబడుతుందని, ఈ మొండితనం ఎలా పోగొట్టాలని అడిగారు. దాన్ని మొండిది అనకండి. నాకూ అచ్చంగా ఇదే జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను, హీలింగ్‌లో, అంటే కుక్క మన ఎడమ పక్కనే అంటిపెట్టుకుని నడవడంలో, నూటికి తొంభై తప్పులు నడిపించే మనిషి కాళ్ళలోనే పుడతాయి.

మాది ఒంగోలు. మా మైనా జర్మన్ షెపర్డ్. మొదటిసారి దాన్ని చెన్నైలో ఒబీడియన్స్ పోటీకి, అంటే కుక్క చెప్పిన మాట ఎంత బాగా వింటుందో చూసి మార్కులు వేసే పోటీకి, తీసుకెళ్ళాను. రైల్లో కుక్కని తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనకే దొరకాలి, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టెలో వేయాలి. ఆ ఇనప పెట్టెలో ఆరు గంటలు వణుక్కుంటూ వచ్చిన కుక్క రింగ్‌లో ఏం నడుస్తుంది? దీని గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు. చివరికి కారు మాట్లాడుకుని వెళ్ళాం.

తిన్నగా నడిచినంతసేపు మైనా బాగానే ఉంది. కుడి మలుపు తిరిగేసరికి ఒక అడుగు వెనకబడింది. నాకు టెన్షన్. వస్తోందా లేదా అని ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాను, నడక కూడా తగ్గించాను. అది ఇంకా తగ్గింది. వెనక్కి తిరిగే చోట నా ప్లాజో అంచు దాని మూతికి కొట్టుకుంటోందని బారెడు దూరంగా చుట్టి వచ్చింది. మార్కులు చూశాక దాని మీదే కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం గుర్తొస్తే బాధగా ఉంటుంది.

అంతకుముందు ఒక ట్రైనర్ దగ్గర నెలన్నర ఉంచాం. కుక్కని తిరిగి అప్పజెప్పే రోజు తను నడిపించి చూపించాడు, డబ్బు తీసుకున్నాడు. నన్ను పది అడుగులు నడవమని కూడా అనలేదు. ఫోన్ చేసి అడిగితే చోక్ చైన్, అంటే లాగితే మెడకి బిగుసుకునే గొలుసు, గట్టిగా లాగమన్నాడు. కుక్కకి నేర్పి, యజమానికి నేర్పకుండా పంపడం సగం పని చేసి మొత్తం డబ్బు తీసుకోవడమే.

ఆ సంక్రాంతికి మద్దిపాడు దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాం. కళ్ళంలో 8 అడుగుల ఎడంగా రెండు ఇటుకలు పెట్టి, వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో మైనాని తిప్పుతున్నాను. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీల్లో ఇటుకల బదులు ఇద్దరు మనుషులు అంతే దూరంలో నిలబడతారు. మా తాతయ్య నులక మంచం మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఆయన ముప్పై ఏళ్ళు ఒంగోలు ఎద్దులతో సేద్యం చేసిన మనిషి.

"అమ్మాయ్, అది నీకు దాపటెద్దు. కుడికి తిరిగితే అది బయటి వైపు. ఎక్కువ దూరం నడవాలి. సరిగ్గా అక్కడే నువ్వు ఆగితే అదేం చేసుద్ది?" అన్నాడు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. కుక్క ఎప్పుడూ మన ఎడమ పక్కనే, అంటే దాపటే. ఎడమకి తిరిగితే అది లోపలి వైపు ఉంటుంది కాబట్టి తగ్గాలి, కుడికి తిరిగితే వేగం పెంచాలి. మన నడక మాత్రం ఒకే తీరున సాగాలి, అప్పుడే దానికి లెక్క అందుతుంది. దాని చూపు మన ఎడమ కాలు, తుంటి, భుజం మీదే ఉంటుంది. వెనక్కి తల తిప్పితే ఎడమ భుజం కూడా వెనక్కి పోతుంది. అది దానికి "తగ్గు" అని చెప్పినట్టే. వెనకబడిందని మనం చూస్తాం, చూశామని అది ఇంకా వెనకబడుతుంది.

తాతయ్య కావిడిబద్ద తెప్పించి నా మెడ వెనక, భుజాల మీద అడ్డంగా పెట్టించాడు. మైనాని చెట్టుకి కట్టేసి నన్ను ఒక్కదాన్నే నడవమన్నాడు. తల కాస్త వెనక్కి తిప్పితే చాలు, బద్ద ఎడమ కొస వెనక్కి పోయేది. మూడు రోజులు పొద్దున్నే కుక్క లేకుండానే నడిచాను. బయలుదేరేటప్పుడు ఎడమ కాలు ముందు. మలుపుకి ఒక అడుగు ముందే, వెళ్ళబోయే వైపు చూపు. వెనక్కి తిరిగేటప్పుడు పెద్ద గుండ్రం తిరగకుండా, ఉన్నచోటే పాదాలు ఒకదానికొకటి అడ్డంగా పడేలా చిన్న అడుగులు, తాళం తప్పకుండా. ఆగే ముందు రెండు అడుగులు కురచగా వేసి, ఎడమ కాలు చివర్లో కలపాలి. ఇవన్నీ నడకలో కలిసిపోవాలి. రింగ్‌లో చెయ్యి ఊపినా, భుజం విదిల్చినా సాయం చేశారని జడ్జి మార్కులు కోస్తారు.

నాలుగో రోజు మైనాని విప్పాను. కుడి మలుపులో దాని భుజం నా మోకాలి పక్కనే ఉంది. చోక్ చైన్ ఆ రోజే తీసేశాను.

బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే పశువులు మా ఒంగోలు జాతివే. వాటిని నడిపించిన మనుషులు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు, అడిగేవాళ్ళే లేరు. మీ ఊళ్ళో ఎవరైనా అరక తోలిన పెద్దాయన ఉంటే ఒక పూట మీ నడక చూడమనండి. లేదంటే ఎవరి చేతనైనా మీ వెనక నుంచి వీడియో తీయించండి, అందులో కుక్కని వదిలేసి మీ భుజాలే చూడండి. వదులు ప్యాంటు మాత్రం వేసుకోకండి.

మరుసటి ఏడు చెన్నై రింగ్‌లో తీసిన వీడియో తాతయ్యకి చూపించాను. మైనాని ఆయన అసలు చూడలేదు, నా కాళ్ళే చూశాడు. ఎడమ మలుపులో ఇంకా అర అడుగు ఎక్కువ పడుతోందని చెప్పి, కావిడిబద్ద ఎక్కడుందో వెతకమన్నాడు.