ఆఫ్రా బెన్ నాటకాల్లో ఫెమినిజం ఉందా? సెమినార్‌లో అడిగితే ఏం చెప్పాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. తొలినాటి ఇంగ్లిష్ నాటకరంగంలో స్త్రీల ఫెమినిజం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టారు. పదిహేడో శతాబ్దంలో నాటకాలు రాసి బతికిన ఇంగ్లిష్ రచయిత్రి ఆఫ్రా బెన్ అందులో ముఖ్యం. సినాప్సిస్ సెమినార్‌లో ఒక పెద్దాయన లేచి, "ఆఫ్రా బెన్ 'ద రోవర్'లో ఆడపిల్ల మీద దౌర్జన్యం చేయబోవడాన్ని నవ్వులాటగా రాసింది. ఇందులో ఫెమినిజం ఎక్కడుందమ్మా?" అన్నారు. మీకు నోట మాట రాలేదు. ఇప్పుడు టాపిక్ మార్చుకోవాలా అని అడుగుతున్నారు.

మార్చొద్దు. ఆ కాలపు నాటకాల మీదే నేను కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు హనుమకొండలో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. 'ద రోవర్' క్లాసులో చెప్పిన ప్రతిసారీ మీకు ఎదురైన ప్రశ్నే నాకూ వస్తుంది. రావాలి కూడా. ఆ ప్రశ్న మీ థీసిస్‌కు శత్రువు కాదు, మొదటి చాప్టర్ దానితోనే మొదలుపెట్టొచ్చు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: ఆమె ఫెమినిస్టా కాదా అని తీర్పు చెప్పే పని పెట్టుకోకండి. ఆ నాటకంలో, ఆ నాటకం వెనక, డబ్బు ఎవరిది, ఒళ్లు ఎవరిది, పేరు ఎవరిది అని వెతకండి. ఫెమినిజం దొరికేది అక్కడే.

ముందు డబ్బు సంగతి. ఏంజెలికా బియాంకా నేపుల్స్‌లో పేరుమోసిన వేశ్య. తన బొమ్మను ఇంటి ముందు వేలాడదీయించి, నెలకు వెయ్యి క్రౌన్లని ధర కట్టింది. విల్‌మోర్ ఊళ్లు పట్టి తిరిగే ఇంగ్లిష్ వాడు, నాటకం పేరులోని 'రోవర్' అతనే. అతని చేతిలో చిల్లిగవ్వ లేదు. అయినా ఆమె ఇంట్లోకి వెళ్లి, ప్రేమను అమ్ముకోవడం ఎంత నీచమో ఆమెకే నీతులు చెబుతాడు. అప్పుడు ఆమె ఎదురు ప్రశ్న వేస్తుంది. నీకు పెళ్లి సంబంధం వస్తే పిల్ల గుణమేమిటి, తెలివేమిటి అని అడుగుతావా, ఆస్తి ఎంత అని అడుగుతావా? మరి ఆ బేరం మాత్రం నేరం కాదా?

ఈ మాటలు క్లాసులో చదివి వినిపించి, నేనేమీ వివరించకుండా ఊరుకున్నాను. పరకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, "మేడం, మా అక్క సంబంధంల ముందు అడిగింది గదే. పిల్లను సూడకముందే ఎంత పెడ్తరు అన్నరు" అంది. వెనక బెంచీ అబ్బాయి "అడగకపోతే మావోళ్లు ఊకోరు మేడం" అన్నాడు. "మీవోళ్లు ఊకోరు సరే, నువ్వు ఊకుంటవా?" అని ఆ పిల్ల తిరగబడింది. గంట కొట్టేదాకా కొట్లాటే. 1677లో లండన్‌లో ఆడిన నాటకం మీద వరంగల్ పిల్లలు కట్నం గురించి అలా పోట్లాడుకున్నారంటే, ఆ రచయిత్రి దేని మీద వేలు పెట్టిందో చెప్పడానికి నాకు ఏ థియరీ పుస్తకమూ అవసరం పడలేదు.

ఇక మీ పెద్దాయన అడిగిన దౌర్జన్యం సంగతి. దాన్ని దాటవేయకండి, సమర్థించనూ వద్దు. అన్న పెత్తనం కింద ఉన్న పెళ్లీడు పిల్ల ఫ్లోరిండాకు ఆ నాటకంలో మూడుసార్లు గండం వస్తుంది. రాత్రి తోటలో తాగి ఉన్న విల్‌మోర్ చేతిలో ఒకసారి. లుసెట్టా అనే ఆమె తనను మోసం చేసి దోచుకుందన్న కసిని దొరికిన ఆడదాని మీద తీర్చుకుందామని చూస్తున్న, విల్‌మోర్ స్నేహితుడు బ్లంట్ గదిలో రెండోసారి. మూడోది అయిదో అంకంలో. అక్కడ ముసుగులో ఉన్న పిల్ల ఎవరికి దక్కాలని మగవాళ్లంతా కత్తులు దూసి కొలుచుకుంటారు. ఎవరి కత్తి పొడుగైతే వాళ్లది ఆమె. పొడుగు కత్తి డాన్ పెడ్రోది. డాన్ పెడ్రో ఆమె సొంత అన్న.

ఈ సీన్‌ను మీరు గైడ్ ముందు నెమ్మదిగా చదవండి. చెల్లెలి పరువు కాపాడతానని, ఎవరికిచ్చి పెళ్లి చేయాలో తానే తేలుస్తానని మొదటి అంకంలో అధికారం చేసిన అన్న, ముసుగు వేసుకున్న ఆడది ఎవరైతేనేం అని వరుసలో నిలబడ్డాడు. ప్రేక్షకులు నవ్వారు, నిజమే. ఆ నవ్వు ఎవరి మీదికి తిరిగిందో చూడమని మీ పెద్దాయనకు చెప్పండి. కాపలాదారుకూ వేటగాడికీ మధ్య అడ్డుగా ఉన్నది ఒక్క ముసుగే అని బెన్ చూపించింది. అయినా చివరికి బ్లంట్‌కు గట్టి శిక్ష ఏమీ పడదు, పెళ్లిళ్లయిపోతాయి. ఏంజెలికా పిస్తోలు గురిపెట్టి, కాల్చకుండానే వెళ్లిపోతుంది. ఆమెకు ఆ కామెడీలో చోటు లేదు. ఇదీ రాయండి. సగం తెరిచి సగం మూసేసిన తలుపు అది, మొత్తం తెరిచిందని మనం అబద్ధం చెప్పక్కర్లేదు.

డబ్బు గురించి ఇంకో మాట. ఆ రోజుల్లో నాటకం రాసినవాళ్లకు రాబడి మూడో రోజు ప్రదర్శన నుంచి వచ్చేది. మొదటి రెండు రోజుల్లో నాటకం పడిపోతే రాసినవాళ్లకు ఏమీ మిగలదు. రాసి బతుకుతున్న ఆడమనిషి మూడో రోజు వరకు జనాన్ని కూర్చోబెట్టాలి. ఆ జనానికి నచ్చే సరుకు ఇస్తూనే తన మాట ఎంత చెప్పగలదు? బెన్ కామెడీల్లో మనకు కటువుగా తోచేవాటిలో చాలా భాగం ఈ లెక్క తెలిస్తే వేరేగా కనిపిస్తాయి. విమర్శకులు దీన్ని ఫుట్‌నోట్‌లో పెట్టి వదిలేస్తారు, నా ఉద్దేశంలో ఇది మెయిన్ చాప్టర్‌లో ఉండాలి.

పేరు సంగతీ అంతే. 'ద రోవర్' మొదట అచ్చయినప్పుడు ఆమె పేరు లేదు. నాంది పద్యంలో రచయితను 'అతను' అనే అన్నారు. తర్వాతి ప్రతుల్లో పేరు వచ్చింది. వేరే నాటకాన్ని కాపీ కొట్టిందన్న నిందకు, పుస్తకం చివర ఆమె రాసిన చిన్న గమనికలో, తాను వేరే నాటకం నుంచి దొంగిలించిందేమైనా ఉంటే అది ఏంజెలికా బొమ్మ ఒక్కటే అన్నట్టు జవాబిచ్చింది. ఏంజెలికా బియాంకా, ఆఫ్రా బెన్: ఇద్దరివీ అవే పొడి అక్షరాలు. పదేళ్ల తర్వాత 'ద లక్కీ చాన్స్' ముందుమాటలో, ఇవే నాటకాలు మగవాడి పేరుతో వచ్చుంటే మెచ్చుకునేవారని తెగేసి చెప్పింది. మీకు సూటిగా ఫెమినిస్టు వాదన కావాలంటే ఆ ముందుమాటలో ఉంది. నాటకాలు మాత్రమే చదివి ముందుమాటలు, చివరి పద్యాలు వదిలేయడం మన రీసెర్చ్‌లో బాగా అలవాటైపోయింది, మీరు అలా చేయకండి.

ఒళ్లు అంటే నటీమణులు. ఇంగ్లండ్‌లో 1660 దాకా పబ్లిక్ స్టేజీ మీద ఆడవేషాలు అబ్బాయిలవే. ఆ తర్వాత నటీమణులు వచ్చారు, వెంటనే వాళ్లకు మగవేషాలు వేయించడం మొదలైంది. ప్యాంటు వేసుకున్న నటి కాళ్లు చూడ్డానికి మగవాళ్లు వచ్చేవారు. అదే వేషంలో ఆమె కత్తి పట్టుకుని, వీధిలో ఒంటరిగా తిరిగి, మగవాడిని నిలదీసేది. రెండూ ఒకే వేషంలో జరిగాయి, ఒకటి తీసుకుని ఇంకోటి వదలకండి.

మరో ఇద్దరు తొలినాటి ఇంగ్లిష్ రచయిత్రుల నాటకాలు, మార్గరెట్ కావెండిష్ 'కాన్వెంట్ ఆఫ్ ప్లెజర్' (1668), ఎలిజబెత్ కేరీ 'మరియమ్' (1613) చదవడానికి రాసినవి, ఆ రోజుల్లో పబ్లిక్ స్టేజీ ఎక్కలేదు. వీటికి వేరే ప్రశ్నలు వేయాలి. మీ థీసిస్ పరిధి పెద్దదైపోతుందనిపిస్తే వీటిని ఒక సెక్షన్‌కు కుదించండి.

మన దగ్గరి నాటకాలతో పోల్చాలా అని కూడా అడిగారు. పోలిక కోసం పోలిక వద్దు గాని, ప్రశ్నలు పదునెక్కడానికి మాత్రం మన చుట్టూ చూడండి. 'స్టేజీ మీద మొదటి స్త్రీ' అని రాసేటప్పుడు నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది తెలంగాణ ఊళ్లలో చిందు కులం వాళ్లు ఆడే చిందు భాగవతం. మగవాడైన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేస్తున్న కాలంలో, మన తెలంగాణ ఊళ్లలో చిందు కులపు ఆడవాళ్లు రాత్రంతా వేషం కట్టి ఆడుతున్నారు. నిజామాబాద్ వైపు చిందు ఎల్లమ్మ గారి పేరు వినే ఉంటారు. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలోనూ కుటుంబంలోని ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. కానీ చిందు వాళ్లలా మాదిగలకు ఆశ్రితులైన కులం ఆడవాళ్లు ఆడితే చరిత్ర దాన్ని 'మొదటిది'గా లెక్కపెట్టదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, 1660లో లండన్ స్టేజీ ఎక్కిన 'మొదటి నటి' గురించి చదివేటప్పుడు కూడా ఆమె ఏ తరగతి మనిషి, ఎవరు లెక్కపెట్టారు అని అడుగుతారు.

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' నాటకం కాదు గాని, దాని కథ తెలుసుకోండి. స్త్రీ నోట రాకూడని మాటలని కందుకూరి నిందించిన ఆ కావ్యాన్ని 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చు వేయించింది. సిగ్గు ఆడవాళ్లకేనా అని అడిగింది. 'ద లక్కీ చాన్స్' ముందుమాట పక్కన పెట్టి చదివితే రెండు గొంతులూ ఒకే వాదన చేస్తాయి. సూసీ థరూ, కె. లలిత సంపాదకత్వం వహించిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటిలో ఈ వివరాలన్నీ ఉన్నాయి.

సెమినార్ మళ్లీ పెడతారు కాబట్టి ఒక పని చేయండి. అయిదో అంకంలో కత్తుల సీన్‌ను ఫొటోకాపీలు తీయించి అందరి చేతికీ ఇవ్వండి. ఇద్దరు స్నేహితులను తోడు తీసుకుని గట్టిగా చదివి వినిపించండి, సారాంశం చెప్పకండి. చదివాక, డాన్ పెడ్రో కత్తి పొడుగు అని రాయాల్సిన అవసరం ఆమెకు ఏమొచ్చిందని ఆ పెద్దాయన్నే అడగండి. వినయంగానే అడగండి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. వచ్చిన జవాబులన్నీ రాసుకోండి, ఆ చాప్టర్‌లో పనికొస్తాయి.