సైజు ఎనిమిదో ఎక్కంలోనే ఉండాలి

ప్రశ్న: కాలేజీ గేమింగ్ పోటీకి 1080 పిక్సెల్స్ వెడల్పున ఇన్‌స్టా పోస్టర్ చేస్తున్నాను. ప్రెస్ స్టార్ట్ 2పి ఫాంట్ ఒక సైజులో పదునుగా, ఇంకో సైజులో మసకగా వస్తోంది. ఎందుకు?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: 1980ల నాటి జపాన్ కంపెనీ నామ్‌కో ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్) ఆటల అక్షరాలను అనుసరించి చేసిన ఫాంట్ అది. ఒక్కో అక్షరం నిలువునా అడ్డంగా 8 గళ్లలో ఇమిడి ఉంటుంది. 16 పిక్సెల్స్ సైజు ఇస్తే గడికి సరిగ్గా 2 పిక్సెల్స్ వస్తాయి. 20 ఇస్తే రెండున్నర. అర పిక్సెల్‌ని తెర చూపలేదు కాబట్టి ఆ అంచున మధ్యస్థపు రంగు వేసి సరిపెడుతుంది. మసక అక్కడిదే. అందుకే 8, 16, 24... ఇలా ఎనిమిదో ఎక్కం తప్పకూడదు.

ఫోటోషాప్‌లో సైజును పాయింట్లలో కాక పిక్సెల్స్‌లో ఇవ్వండి. ఫైల్ 300 రిజల్యూషన్‌లో (అంగుళానికి 300 పిక్సెల్స్) ఉంటే 12 పాయింట్లు 50 పిక్సెల్స్ అవుతాయి, అది 8తో తెగదు. అంచులను మెత్తబరిచే యాంటీ ఏలియాస్ ‘నన్’లో ఉంచండి. సేవ్ చేసేది పీఎన్‌జీగా; జేపెగ్ అంచుల చుట్టూ మురికి పోస్తుంది. బొమ్మ పెంచాలంటే కొత్త రంగులు కలపకుండా ఉన్న పిక్సెల్స్‌నే పెద్దవి చేసే ‘నియరెస్ట్ నైబర్’తో 200, 300 శాతాల్లోనే పెంచండి.

ఈ ఫాంట్‌లో అక్షరాల వెడల్పు ఒకటే కావడం మంచి సదుపాయం. 12 అక్షరాల శీర్షిక 80 సైజులో 960 పిక్సెల్స్ పడుతుంది, పక్కకు 60 చొప్పున మిగులుతాయి. చాలా అక్షరాలకు కుడి చివరి గళ్ల నిలువు వరుస ఖాళీ. అందుకే మధ్యకు పెట్టాక కూడా శీర్షిక ఎడమకు జరిగినట్టుంటుంది. 80 సైజులో గడికి 10 పిక్సెల్స్ కాబట్టి అందులో సగం, 5 పిక్సెల్స్ కుడికి నెట్టండి.

ప్రశ్న: వెబ్‌సైట్ శీర్షికలో అదే ఫాంట్ ఉబ్బి, గళ్లు పూడుకుపోయి కనిపిస్తోంది.
– ఒక వెబ్ డిజైనర్, హైదరాబాద్

జవాబు: ఆ ఫాంట్‌కు బోల్డ్ రూపం వేరే లేదు. హెడింగ్ ట్యాగ్ బోల్డ్ అడుగుతుంది, బ్రౌజర్ తనే లావు చేసి ఇస్తుంది. ఫాంట్-వెయిట్ 400 (మామూలు మందం) పెట్టండి. విండోస్‌లో తెరమీదివన్నీ పెద్దవిగా చూపే స్కేలింగ్ 125 శాతం ఉంటే 16 కాస్తా 20 అవుతుంది. అక్కడ 32 వాడితే 40 అయి బాగానే నిలుస్తుంది. ఇక పేరాలకు పేరాలు ఈ ఫాంట్‌లో పెట్టకండి, చదివేవాళ్ల కళ్లు లాగుతాయి.

ప్రశ్న: తెలుగు పేరు ఇలా రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు; టైప్ చేస్తే ఫోన్‌లోని మామూలు ఫాంటే వస్తుంది. చేత్తో గీయాల్సిందే, 8 గళ్ల ఎత్తు మాత్రం చాలదు. పైన గుడి, మధ్యన అక్షరం, కింద వత్తు... మూడంతస్తులు కదా. 24 గళ్ల ఎత్తు తీసుకుని పైన 5, మధ్య 11, కింద 8 చొప్పున పంచి చూడండి. మొదట ‘స్త్రీ’ గీయండి. అది ఇమిడితే మిగతావి సులువు. ద-ధ, ప-ఫ మధ్య తేడా కింది చిన్న గీతే గనుక దానికి కనీసం 2 గళ్లు ఇవ్వండి. స్టిక్కర్‌గా కోయించేటట్లయితే మూలల దగ్గర మాత్రమే తాకే గళ్లను ముందే కలపండి, లేకపోతే వినైల్ ముక్కలుగా ఊడొస్తుంది.