మీ విలన్‌కి తొందరెక్కువ

ప్ర: కంప్యూటర్ వైరస్ మీద థ్రిల్లర్ నవల రాస్తున్నానండీ. విలన్ ఒక డెవలపరు, అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌లో రాత్రికి రాత్రే వైరస్ పెట్టేస్తాడు. మా ఫ్రెండేమో కోడ్ రివ్యూలో (ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసే తనిఖీలో) ఇట్టే దొరికిపోతాడని తీసిపారేశాడు. నిజంగా కుదరదంటారా?

జ: భేషుగ్గా కుదురుతుంది, కాకపోతే రాత్రికి రాత్రి కాదు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ యుటిల్స్ గొడవ గురించి చదవండి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఫైళ్లని కుదించే చిన్న టూల్ అది, దాన్ని చూసుకునేది దాదాపు ఒక్కడే, అదీ ఊరికే. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి రెండేళ్ల పైచిలుకు బుద్ధిగా ప్యాచ్‌లు (కోడ్‌కి చిన్న చిన్న సవరణలు) పంపారు, ఈలోగా వేరే పేర్లతో ఇంకొందరు "పని ఇంత నెమ్మదైతే ఎలా, ఇంకొకరికి అప్పగించొచ్చుగా" అని ఆ పాత మనిషిని పొడవడం, ఆయన అసలే అలిసిపోయున్నాడు, మెల్లగా రిలీజులు చేసే పెత్తనం కొత్తవాడి చేతికొచ్చింది. నన్నడిగితే మీ నవలకి అసలు కథ ఇక్కడే ఉంది, ఆ ఇద్దరి మధ్య మెయిళ్లలో!

ఇక మీ ఫ్రెండు డౌటు. దొంగ కోడ్‌ని టెస్టింగ్ కోసం పెట్టిన పాడైపోయిన ఫైల్ లాంటి దాంట్లో దాచారు, దాన్ని విప్పే స్క్రిప్టు ముక్కేమో గిట్‌లో, అంటే కోడ్ మార్పులన్నీ అందరికీ కనిపించే చోట, లేనే లేదు, జనానికి విడుదల చేసే రిలీజ్ ప్యాకేజీలో మాత్రమే ఉంది. రివ్యూ చేసేవాళ్లు చూసేది గిట్‌నే కదా, ఎలా దొరుకుతుంది? చివరికి పట్టుకున్నది ఏ యాంటీవైరసూ కాదు, ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే డెవలపరు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే దారి) లాగిన్ ఓ అర సెకను లేటవుతోందేంటబ్బా అని తవ్వుకుంటూ పోయాడు. నవల్లో రాస్తే మరీ విడ్డూరం అంటారు.

ప్ర: వైరస్ రాసేవాడు మహా మేధావి అయ్యుండాలా?

జ: అక్కర్లేదు, పైగా వాడి కోడ్‌లోనూ ఒక బగ్ పెట్టండి, కథ రక్తి కడుతుంది. 1988 నవంబర్‌లో ఇంటర్నెట్‌ని కుదిపేసిన మోరిస్ వర్మ్ (ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాం) సంగతే చూడండి. తన కాపీ ముందే ఉందా అని అది మెషీన్‌ని అడుగుతుంది, ఉందన్నా సరే ఏడింట ఒకసారి ఎలాగైనా ఉండిపోవాలని మోరిస్ రాశాడు, ఎవరైనా ఉందని దొంగ సమాధానం చెప్పి దాన్ని ఆపేస్తారేమోనని ముందుజాగ్రత్త. ఆ ఏడు మరీ చిన్న అంకె అయిపోయింది, కాపీల మీద కాపీలు పేరుకుని మెషీన్లు చతికిలబడ్డాయి, వ్యవహారం అందరి కంట్లో పడింది.

ప్ర: క్లైమాక్స్‌లో హీరోయిన్ ఒక్క దెబ్బతో వైరస్‌ని ఆపేస్తే నమ్ముతారా?

జ: 2017లో, ఫైళ్లని లాక్ చేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ దాదాపు అలాగే ఆగింది. కోడ్‌లో కనిపించిన, ఎవరూ కొనని ఒక డొమైన్ పేరుని (వెబ్‌సైట్ అడ్రసుని) ఒక రీసెర్చర్ రిజిస్టర్ చేస్తే చాలు వ్యాప్తి ఆగిపోయింది, అలా ఆగుతుందని అతనికీ ముందు తెలీదు. అయితే అప్పటికే లాక్ అయిన ఫైళ్లు మాత్రం దాంతో తెరుచుకోలేదు, ఆ చాప్టర్ కూడా రాయండి.